కథ తప్పితే ఆపేదెవరు?

మేం సినిమా చూడాలంటే ముప్పై కిలోమీటర్లు పోవాలి. పోయేటప్పుడు ఆటోలో హీరో గురించి మాట్లాడుకుంటాం. వచ్చేటప్పుడు సినిమా గురించి మాట్లాడుకుంటాం. ఈ వ్యాసం ఆ వచ్చేటప్పటి మాటల గురించి.

మేమంటే ఆదిలాబాద్ అడవి ఊళ్లలో పుట్టి, హాస్టళ్లలో చదివి, ఇప్పుడు తలో పనిలో ఉంటూ రాసుకుంటున్న కొందరం. మాలో గోండులం ఎక్కువ. కొలాములున్నారు, ప్రధాన్లు ఇద్దరున్నారు. ఒకాయన ఆశ్రమ పాఠశాలలో పంతులు. ఒకామె అంగన్‌వాడీలో పనిచేస్తుంది. మిగిలినవాళ్లం పత్తి చేలకూ పోటీ పరీక్షలకూ మధ్య తిరుగుతున్నవాళ్లం. అందరం సినిమా పిచ్చి ఉన్నవాళ్లమే. అది దాచుకోం. బెనిఫిట్ షోకి టికెట్ దొరక్క థియేటర్ గోడ దూకినవాడు కూడా మాలో ఉన్నాడు.

ఆదివాసీలు సినిమా గురించి రాస్తే అది ఎక్కువగా ఫిర్యాదుగానే ఉంటుంది. మమ్మల్ని తప్పుగా చూపించారు, నవ్వులపాలు చేశారు అని. ఆ ఫిర్యాదు నిజమే. కానీ ఆ సినిమాలకు విజిల్స్ వేసినవాళ్లలో మేమూ ఉన్నాం. ఆ విజిల్స్ సంగతి మేం ఇంతవరకు రాయలేదు. అది వదిలేసి ఫిర్యాదు ఒక్కటే రాస్తే సగం అబద్ధం అవుతుంది.

సినిమాల్లోకి పోయే ముందు మా దగ్గర కథ వినే పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. పెర్సాపెన్ పూజ దగ్గర ప్రధాన్ కీక్రి పట్టుకుని కూర్చుంటాడు. ఆ ఇంటిపేరు వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు, వాళ్ల పెన్ ఏ వాగు దాటి ఏ గుట్ట కింద నిలిచింది, ఎవరు ఎవరికి అన్నదమ్ములు, ఎవరు ఎవరికి పిల్లనివ్వొచ్చు, అంతా పాడుతూ చెబుతాడు. వినేవాళ్లు ఊరికే వినరు. మా ఊళ్లో మేం చిన్నప్పటి నుంచి చూసింది ఇది: ఒక పేరు తప్పిపోతే ఒక ముసలాయన చెయ్యెత్తుతాడు. "ఆగు. అక్కడ వాగు దాటలే, గుట్ట ఎక్కిన్రు" అంటాడు. ప్రధాన్ ఆగుతాడు. కోపం తెచ్చుకోడు. ఇద్దరూ కాసేపు వాదించుకుంటారు, ఇంకో ముసలామె ఒక మాట కలుపుతుంది, తర్వాత ప్రధాన్ మళ్లీ కమాను లాగుతాడు. కథ చెప్పే హక్కు ప్రధాన్‌ది. ఆపే హక్కు విన్నవాళ్లది. ఈ రెండూ ఉంటేనే ఆ కథ మాది.

థియేటర్లో చెయ్యెత్తితే తెర ఆగదు. వెనక సీటువాడు కూర్చోమంటాడు. కాబట్టి మాకు మిగిలింది ఆటో ఒక్కటే. కథ ఎక్కడ తప్పిందో చెప్పుకోవాల్సింది అక్కడ. అక్కడ మేం నిజంగా ఏం చెప్పుకుంటున్నాం అన్నదే ఈ వ్యాసంలో మా ప్రశ్న.

2022 మార్చి 25న ఆర్‌ఆర్‌ఆర్ విడుదలైంది. కొమురం భీం మీద అంతకు ముందే అల్లాణి శ్రీధర్ సినిమా తీశారు. 1990లో తయారైన ఆ సినిమా 2010లో గానీ థియేటర్లకు రాలేదు. మాలో చాలామంది దాన్ని తర్వాత ఫోన్లలోనే చూశాం. రాజమౌళి సినిమా అట్లా కాదు. ఊరి పేరు కూడా పలకడం రానివాళ్లు మా భీం పేరు పలికారు. ఎన్టీఆర్ పులికి ఎదురు నిలబడితే మేం కుర్చీలెక్కి అరిచాం. కొరడా దెబ్బల సీన్లో సుద్దాల అశోక్‌తేజ రాసిన పాట వస్తున్నప్పుడు మా పక్క సీట్లో టౌన్ పిల్లగాడొకడు వెక్కి వెక్కి ఏడ్చాడు. వాడు గోండు కాదు, మా ఊళ్లెప్పుడూ చూసి ఉండడు. భీం కోసం మావాళ్లు కానివాళ్లు ఏడవడం మేం అంతకు ముందు చూడలేదు. ఆ రోజు మాకు కలిగిన సంతోషం నిజం. ఇక ముందు ఈ వ్యాసంలో ఏం రాసినా ఆ మాట వెనక్కి తీసుకోం.

వచ్చేటప్పుడు ఆటోలో గొడవ మొదలైంది. ఆ వారం రెండు రాష్ట్రాల్లో ఫ్యాన్స్ అందరూ పడిన గొడవే. ఎన్టీఆర్ పాత్ర పెద్దదా, చరణ్ పాత్ర పెద్దదా? ఎవరు ఎంతసేపు కనబడ్డారు? ఇంటర్వెల్ ఎవరిది, క్లైమాక్స్ ఎవరిది? మాలో ఒకడు చిన్నప్పటి నుంచి ఎన్టీఆర్ ఫ్యాన్. "మావోడికి అన్యాయం చేసిన్రు రా" అన్నాడు. ఎదురుగా కూర్చున్నవాడు "ఏ మావోడు?" అని అడిగాడు. ఎగతాళికే అడిగాడు. కానీ ఆటోలో అందరం ఆగిపోయాం. మన ఫ్యాన్ కాసేపు ఆలోచించి "ఇద్దరికీ" అన్నాడు.

ఆ 'ఇద్దరికీ' దగ్గరే మేం చాలా రోజులు ఉండిపోయాం. హీరోకు తక్కువ జరిగిందని చెప్పడానికి అతని దగ్గర కావలసినన్ని మాటలున్నాయి. ఎలివేషన్, స్క్రీన్ టైమ్, బీజీఎం, ఇంట్రో. భీంకు తక్కువ జరిగిందని అతనికి లోపల తెలిసింది, కానీ చెప్పడానికి మాట లేదు. అందుకని హీరో మాటలతోనే భీం బాధ చెప్పుకున్నాడు. మేమందరం చేసింది అదే.

ఇప్పుడు ఆ మాటలు వెతికి రాస్తున్నాం. సినిమాలో భీం గోండుల కాపరి. ఎత్తుకుపోయిన మల్లి అనే పిల్ల కోసం ఢిల్లీ పోతాడు, అక్తర్ అని పేరు మార్చుకుంటాడు. పాము కరిచిన రామరాజును బతికిస్తాడు. చివర్లో రామరాజు దెబ్బలకు అడవి మందు వేస్తాడు. బలమున్నవాడు, మనసున్నవాడు, ఆకు పసరు తెలిసినవాడు. కానీ దేశమేమిటో, పోరాటమేమిటో, జనానికి తుపాకులు ఎందుకు కావాలో తెలిసినవాడు రామరాజు. భీంకు తెలిసింది పిల్లను తల్లి దగ్గరకు చేర్చడం. కథ ముగిసేటప్పుడు ఏం కావాలో అడగమని రామరాజు అంటే భీం చదువు అడుగుతాడు. 'జల్ జంగల్ జమీన్' అని రాసేది రామరాజు చెయ్యి.

చెయ్యెత్తాల్సింది ఇక్కడ. నీళ్లు, అడవి, భూమి మావేనన్నది జోడేఘాట్ గుట్టల్లో గోండులూ కొలాములూ నిలబడి అడిగిన మాట. భీం పోరాడింది నిజాం ప్రభుత్వంతో. అడవిలో పశువుల్ని మేపితే సుంకం, కట్టె కొడితే సుంకం, పోడు కొడితే కేసు, సాగు చేసుకున్న భూమి ఇంకొకరి పేరు మీద పట్టా. వీటి మీద పన్నెండు ఊళ్లను కూడగట్టి 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణమిచ్చాడు. ఆయన జీవితం రాసినవాళ్లు ఇంకో సంగతి కూడా చెబుతారు. ఊరు విడిచి తిరిగిన రోజుల్లో ప్రెస్సు నడిపే విఠోబా అనే ఆయన దగ్గర భీం చదవడం, రాయడం నేర్చుకున్నాడు. అక్కడి నుంచి అస్సాం తేయాకు తోటలకు పోయి కూలీల పోరాటాలు చూసి వచ్చాడు. అంటే తన మాట తాను రాసుకోగలిగినవాడు. సినిమా ఆయన చేతిలో నుంచి ఆ అక్షరాలు తీసుకుని, ఆయన చేతనే అవి అడిగించింది.

సినిమాలో నిజాం తరఫు మనిషి ఒకడు కనబడతాడు. భీం వస్తున్నాడు జాగ్రత్త అని బ్రిటిష్ వాళ్లకు చెప్పిపోతాడు. మా తాతలు ఎవరితో కొట్లాడారో ఆ ప్రభుత్వం ఈ కథలో కబురు మోసేవాడి దగ్గర ఆగిపోయింది. క్లైమాక్స్‌లో విల్లంబులు కూడా భీం చేతిలో లేవు. కాషాయం కట్టిన రామరాజు చేతిలో ఉన్నాయి. ఆటోలో "క్లైమాక్స్ చరణ్ కొట్టేసిండు" అనుకున్నది దీని గురించే. మేం నిమిషాలు లెక్కపెట్టాం. విల్లు ఎవరి చేతిలో ఉందో లెక్కపెట్టలేదు.

అది కల్పన కదా అంటారు. రాజమౌళి మొదటి నుంచి ఆ మాట చెబుతూనే ఉన్నారు. ఇద్దరు వీరులు కలిసి ఉంటే ఎట్లా ఉండేదో ఊహించానన్నారు. ఊహించే హక్కు ఆయనకు ఉంది. మా ప్రధాన్లూ ఊహిస్తారు, లేకపోతే కథ నడవదు. అయితే అల్లూరి కథ జనానికి ముందే తెలుసు. 1974లో కృష్ణ సినిమా వచ్చినప్పటి నుంచి ఇంటింటికీ తెలుసు. ఆ తెలిసిన కథ మీద కల్పన కడితే పునాది కదలదు. భీం కథ అట్లా అందరికీ చేరకముందే దాని మీద కల్పన కట్టారు. ఇప్పుడు చాలామందికి కల్పనే పునాది.

ఇది మేం ఊహించి చెప్పడం లేదు. సినిమా వచ్చిన కొన్ని నెలలకు మా పంతులు ఐదో తరగతి పిల్లలకు పరీక్ష పెట్టాడు. కొమురం భీం ఎవరితో పోరాడాడు అన్నది ప్రశ్న. సగం మంది బ్రిటిష్ వాళ్లతో అని రాశారు. ఒకడు 'స్కాట్ దొర' అని రాశాడు. వాళ్లు ఎక్కడి పిల్లలో కాదు. జోడేఘాట్‌కు ఒక పూటలో నడిచిపోగలిగే ఊళ్ల పిల్లలు. ప్రతి ఆశ్వయుజ పౌర్ణమికి ఇంట్లోవాళ్ల వెంట భీం వర్ధంతికి పోయే పిల్లలు. పంతులు ఆ కాగితాలు మాకు చూపించాడు. మొదట నవ్వాం. తర్వాత నవ్వలేకపోయాం. ఆ పిల్లలకు ఆ కథ చెప్పింది సినిమా. మేం ఏం చెప్పాం? క్లైమాక్స్ ఎవరిదో చెప్పాం.

ఇంకొంచెం వెనక్కి పోతే మాకు ఇంకా సిగ్గు వేసే సంగతి ఉంది. 2015లో బాహుబలి వచ్చినప్పుడు మాలో కొందరం ఇంటర్లో ఉన్నాం. కాలకేయుల యుద్ధం చూసి హాస్టలంతా ఊగిపోయింది. నల్లటి ఒళ్లు, జడలు కట్టిన జుట్టు, అర్థం కాని భాష, ఆడవాళ్ల మీద కన్ను. వాళ్లను నరుకుతుంటే మేం చప్పట్లు కొట్టాం. వారం తిరక్కుండా మాలో ఒకడికి కాలేజీలో 'కాలకేయ' అని పేరు పెట్టారు. అతను నల్లగా ఉంటాడు, ఇంటికి ఫోన్ చేస్తే గోండిలో మాట్లాడతాడు. అంతే. అతను ఫోన్ చేయడానికి నీళ్ల ట్యాంకు వెనక్కి పోవడం మొదలుపెట్టాడు. రెండేళ్లు అట్లాగే మాట్లాడాడు. మేం కూడా అతన్ని ఆ పేరుతోనే పిలిచాం. ఇప్పుడు ఈ వ్యాసం రాస్తున్నవాళ్లలో అతనూ ఉన్నాడు. ఈ సంగతి రాయమన్నదీ అతనే.

ఆ కాలకేయుల భాషకు కిలికి అని పేరు. సినిమా కోసం మదన్ కార్కి దాన్ని తయారుచేశారు. సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు ఉన్నాయని అప్పట్లో పత్రికలు మెచ్చుకుంటూ రాశాయి. ఒక రచయిత కష్టాన్ని మేం తక్కువ చేయం. కానీ 2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షల మంది. గుంజాలలో దొరికిన మా లిపికి కంప్యూటర్లో చోటు వచ్చింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో మా భాషకు ఇంకా చోటు లేదు. ఆర్‌ఆర్‌ఆర్‌లో మల్లి పాడింది తెలుగులో, మల్లి తల్లి ఏడ్చింది తెలుగులో. లేని తెగకు భాష తయారుచేసిన పరిశ్రమకు ఉన్న తెగ భాష పనికిరాలేదు. ఈ రెండు సినిమాలనూ పక్కపక్కన పెట్టి మా ఆటోలో ఎవరూ మాట్లాడలేదు. రెండూ హిట్ అయ్యాయి కాబట్టి రెండూ బాగున్నాయి.

మా పెదనాయన ఒకాయన సినిమా ముచ్చట వస్తే అడవి రాముడు గురించి చెబుతాడు. 1977 నాటి సినిమా. పెద్ద ఎన్టీఆర్ అందులో మారువేషంలో ఉన్న ఫారెస్ట్ ఆఫీసర్. అడవి దొంగల్ని పట్టుకుంటాడు. మా పెదనాయన అప్పటికి కుర్రవాడు. టూరింగ్ టాకీస్‌లో నేల మీద కూర్చుని ఫారెస్ట్ ఆఫీసర్‌కు ఈలలు వేశాడు. తెల్లారి ఊరికి పోయేసరికి బీటు తిరిగే జంగ్లాతు ఆయన వచ్చి ఉన్నాడు. నాగలికి కొట్టిన కర్ర గురించి అడిగాడు. ఇంట్లో ఉన్న కోడి ఆయన సంచిలోకి పోయింది. "ఎన్టీఆర్ అయితే కోడి తీస్కపోవునా?" అని పెదనాయన ఇప్పటికీ అడుగుతాడు. ఆయన నవ్వించడానికే అడుగుతాడు. కానీ ఇంత మంచి సినిమా విమర్శ మేం ఎక్కడా చదవలేదు.

ఆ కోడి కథ తెలిసినవాళ్లం కాబట్టే 2022లో కాంతార తెలుగులోకి వచ్చినప్పుడు మేం మూడుసార్లు చూశాం. అడవి అంచు ఊరు, పాతకాలంలో ఇచ్చిన భూమి, దాన్ని కాజేయాలనుకునే దొర, హద్దు రాళ్లు నాటే ఫారెస్ట్ ఆఫీసర్. ఒంటి మీదికి వచ్చే దైవం. ఇవన్నీ మాకు తెలిసినవే. మా ఊళ్లో ముసలివాళ్లు టీవీలో చూస్తూ పంజుర్లికి దండం పెట్టారు. ఆ సినిమా తీసినవాళ్లు ఊరి దైవాన్ని మూఢనమ్మకంగా చూపించలేదు, భయపెట్టడానికీ వాడుకోలేదు. దానికి మేం ఎప్పటికీ మెచ్చుకుంటాం.

కానీ చివర్లో దైవం ఊరివాళ్ల చేతుల్నీ ఆఫీసర్ చేతినీ కలుపుతుంది. చెడ్డవాడు దొర ఒక్కడే, అడవి శాఖ మంచిదే అన్నట్టు కథ ముగుస్తుంది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగు చేసుకుంటున్నామని చూపించుకోవడానికి కాగితాలు పట్టుకుని తిరిగినవాళ్లకు చేతులు కలపడం అంత తేలిక కాదని తెలుసు. ఈ ముక్క కూడా మేం ఆటోలో అనలేదు. మా ఆటో నిండా ఆ కేక ఉంది. దైవం వచ్చినప్పుడు వేసే కేక. అందరం ఫోన్లు తీసి ఆ కేక వేస్తూ రీల్స్ చేసుకున్నాం.

ఆ రీల్స్ చూసి మా ఊరి పెద్ద ఒకాయన మమ్మల్ని పిలిచాడు. "దండారిలో గుస్సాడీ వేషం కట్టినోడు ఎన్ని రోజులు స్నానం చెయ్యడు?" అని అడిగాడు. చెప్పాం. "ఎందుకు చెయ్యడు?" అన్నాడు. అదీ చెప్పాం. "మరి వాళ్ల దేవునికి గట్ల ఉండదా?" అన్నాడు. మేం తల దించుకున్నాం. మీటింగులకు వచ్చే నాయకుల ముందు గుస్సాడీని ఆడిస్తున్నారని మేం వ్యాసాలు రాసినవాళ్లం. నెమలీకల కిరీటం బొమ్మ కాదని రాసినవాళ్లం. తుళునాడు వాళ్ల దైవాన్ని బొమ్మ చేసింది మేమే. చెయ్యెత్తే హక్కు కావాలంటే, మన వైపు ఎవరైనా చెయ్యెత్తినప్పుడు ఆగడం కూడా రావాలి.

ఇంతవరకు రాసి మా గుంపులో చదివాం. అంగన్‌వాడీలో పనిచేసే అక్క మొత్తం విన్నది. "ఆగున్రి" అన్నది. "మీ కథ తప్పింది. ఆటో ఆటో అని రాసిన్రు. ఆ ఆటోలో మేం ఎక్కడున్నం?"

నిజమే. సెకండ్ షోకి మా ఊళ్ల ఆడపిల్లలు రారు. మార్నింగ్ షోకీ వచ్చేది తక్కువ. వాళ్లు చూసేది ఫోన్లో, టీవీలో, వంట మధ్యలో. వాళ్లు చెప్పుకునే మాటలు బోరింగ్ దగ్గర, పత్తి ఏరేటప్పుడు. మేం 'మేం' అని రాసినప్పుడల్లా అందులో మగవాళ్లమే ఉన్నాం. ఆర్‌ఆర్‌ఆర్ గురించి ఇంత రాసి, అందులో ఆడవాళ్లు ఏం చేస్తున్నారో ఒక్క ముక్క రాయలేదు. మల్లి ఎదురుచూస్తుంది, మల్లి తల్లి ఎదురుచూస్తుంది, సీత ఎదురుచూస్తుంది. అక్క లెక్క అది. అది చెబుతూ ఆమె జై భీమ్ గురించి చెప్పింది. అది వ్యాసంలో పెట్టమన్నది.

జై భీమ్ 2021 నవంబర్‌లో ఓటీటీలో వచ్చింది. టి.జె. జ్ఞానవేల్ తీశారు. తమిళనాడులో 1993 నాటి ఒక లాకప్ హత్య కేసు దానికి ఆధారం. ఆ కేసు వాదించిన కె. చంద్రు తర్వాత హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఆ సినిమా చూసినప్పుడు మా మగవాళ్ల మాటంతా సూర్య కోర్టు సీన్ల గురించే. బోరింగ్ దగ్గర మాట వేరట. మొదటి సీన్లో జైలు బయట మనుషుల్ని కులం అడిగి, పెద్ద కులాల వాళ్లను పొమ్మని, చిన్నవాళ్లను పాత కేసులకు మళ్లీ పట్టుకుపోతారు. అది చూసి ఒకామె టీవీ కట్టేసిందట. ఆమె తమ్ముడు కర్ర కేసులో రెండుసార్లు పోయి వచ్చాడు. తర్వాత మళ్లీ పెట్టుకుని చూసింది. నిండు చూలాలు పోలీసు జీపు ఎక్కనని నడుచుకుంటూ పోతుంటే జీపు ఆమె వెనకాల నెమ్మదిగా వస్తుంది. ఆ సీన్ ఆడవాళ్లు మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూశారట. డైలాగ్ లేదు, ఎలివేషన్ లేదు. "మాకు గదే ఇంటర్వెల్" అన్నది అక్క.

ఇంకో మాట కూడా అన్నది. "అంతా బాగనే ఉన్నది. ఆ లాయర్ రాకపోతే ఏమయ్యేది, అది ఒక్కటి చూపియ్యలే." అదే సంవత్సరం చివర పుష్ప వచ్చింది. లాయర్ రాని కథ దాని వెనక ఉంది. శేషాచలం అడవిలో ఎర్రచందనం కొట్టే కూలీల నుంచి ఒకడు పైకి ఎదిగే కథ అది. మేం కూడా గడ్డం కింద చెయ్యి తిప్పాం. ఆ అడవిలోనే 2015 ఏప్రిల్ 7న పోలీసు కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది చనిపోయారు. వాళ్లలో పలువురు అక్కడి కొండల్లో బతికే మలయాళీ అనే ఆదివాసీ తెగవాళ్లు. దుంగ మోసినవాళ్లలో ఒకడు పుష్పరాజ్ అయితే సినిమా. మిగిలినవాళ్ల గురించి అడగాలని మాకు తోచలేదు. అక్క అడిగిన తర్వాత తోచింది.

ఇదంతా చదివి ఫ్యాన్స్‌ను తిట్టామని అనుకోవద్దు. మేం ఫ్యాన్సే. ఫ్యాన్స్ మాటలు పనికిరానివని పెద్ద పెద్ద విమర్శకులు అంటారు. మేం ఒప్పుకోం. ఒక సినిమాను ఏడుసార్లు చూసి, ఏ షాట్ తర్వాత ఏ షాట్ వస్తుందో, హీరో ఏ చేత్తో గొడ్డలి పట్టుకున్నాడో చెప్పగలిగేది ఫ్యాన్ ఒక్కడే. పెర్సాపెన్ దగ్గర చెయ్యెత్తే ముసలాయనకు ఉన్నది కూడా ఆ జ్ఞాపకమే. ప్రేమతో పదిసార్లు వింటేనే తప్పు ఎక్కడో తెలుస్తుంది. మా ఎన్టీఆర్ ఫ్యాన్ "ఇద్దరికీ" అన్నప్పుడు అతని నోట అదే మాట్లాడింది. అతనికి కావలసింది సినిమా మీద కోపం కాదు. ఇంకో రెండు మూడు ప్రశ్నలు. ఆ మనిషి ఏ భాషలో మాట్లాడాడు? ఆయుధం ఎవరి చేతిలో ఉంది? చివరికి భూమి ఎవరి పేరు మీద ఉంది? ఆటోలో వసూళ్ల లెక్క అయిపోయాక ఇవి కూడా అడుగుదామని అనుకున్నాం. మొన్న ఒక సినిమాకు పోయి వస్తూ అడిగాం. ఊరు వచ్చినా ఆటో దిగలేదు. డ్రైవర్ విసుక్కున్నాడు, తర్వాత ఆయనా వాదనలో కలిశాడు.

చివరగా, స్కాట్ దొర అని రాసిన పిల్లవాడి సంగతి. ఆ ఏడు పౌర్ణమికి పంతులు పిల్లల్ని జోడేఘాట్ తీసుకుపోయాడు. అక్కడ ఒక తాత కూర్చుని ఉంటే, ఈ పిల్లవాడిని ఆయన ముందు కూర్చోబెట్టి సినిమా కథ చెప్పమన్నాడు. వాడు గోండిలో మొదలుపెట్టాడు. తాత "ఆగు" అన్నాడు. "దొర గాదు. నిజాం." వాడు "సినిమాల గట్లనే ఉన్నది తాతా" అన్నాడు. "ఉండనీ. ముందటికి చెప్పు" అన్నాడు తాత. రెండు మాటలు చెప్పగానే మళ్లీ ఆగమన్నాడు. ఢిల్లీ దగ్గర ఆపాడు, చదువు దగ్గర ఆపాడు, విల్లు దగ్గర చాలాసేపు ఆపాడు. పిల్లవాడు వాదించాడు, కొన్నిచోట్ల ఒప్పుకున్నాడు, కొన్నిచోట్ల ఒప్పుకోలేదు. మేం చుట్టూ కూర్చుని విన్నాం.

కథ అయిపోయాక తాత "ఆ పులి ముచ్చట మల్ల చెప్పు" అన్నాడు. 2020 నవంబర్‌లో మా జిల్లాలో పులి ఇద్దరిని చంపింది. పులి అంటే ఇక్కడ ముచ్చట కాదు. పిల్లవాడు లేచి నిలబడి చేతులు చాపి చెప్పాడు. వల ఎట్లా వేశాడు, పులి ఎట్లా దూకింది, పడిపోయిన పులి దగ్గర భీం మోకాళ్ల మీద కూర్చుని నా అవసరానికి నిన్ను వాడుకుంటున్నా, క్షమించమని ఎట్లా అడిగాడు.

"పులిని అడిగిండా?" అన్నాడు తాత.

"అడిగిండు."

"అది సరిగ్గ తీసిన్రు" అన్నాడు. వాడిని ఇంకోసారి చెప్పమన్నాడు.